ఆగిన తర్వాత కదిలిన పెన్ను

"క్వశ్చన్ నంబర్ వన్... అబ్బో, ఇది చాలా పెద్దది మేడమ్. టూ చదవనా?"

ధనశ్రీకి ఒళ్ళు మండిపోయింది. ఇంటర్నల్ పరీక్ష మొదలై అప్పటికే పదిహేను నిమిషాలయింది. తనకి రాసిపెట్టాల్సిన ఇంటర్ అమ్మాయికి జ్వరమట. ఆఖరి నిమిషంలో కాలేజీవాళ్ళు ఎవర్నో పట్టుకొచ్చి పక్కన కూర్చోబెట్టారు. ఆ ఎవరో ఇంకా రొప్పుతూనే ఉన్నాడు. చొక్కా నుంచి జిరాక్స్ మిషను వాసన వస్తోంది.

"పెద్దదో చిన్నదో నేను చూసుకుంటాను. ఉన్నది ఉన్నట్టు చదువు."

"ఓకే మేడమ్. అన్నీ చదివేసి, ఏది ఈజీగా ఉంటే అది రాసేద్దాం."

"రాసేద్దాం కాదు. నేను సెప్తాను, నువ్వు రాత్తావు. మజ్జిలో నీ సలహా ఎవరడిగేరు?"

కోపం వస్తే ధనశ్రీకి చీడికాడ పక్కనున్న సొంతూరి మాట వచ్చేస్తుంది. పక్క కుర్చీలోంచి చిన్న నవ్వు వినిపించింది.

"ఏటి నవ్వుతున్నావు?"

"ఏటీ లేదు మేడమ్. ఇందాకటినుంచి ఇంగ్లీషు మేడమ్‌కి రాత్తన్నాననుకుని భయపడిపోయేను. మనోళ్ళే."

పరీక్ష అయ్యాక పేరడిగితే "రాజ్" అన్నాడు. పూర్తి పేరు చెప్పమంటే కాసేపు నసిగి "నూకరాజు" అన్నాడు.

ఆ ఉదయం ధనశ్రీ నవ్వింది అప్పుడే. "అనకాపల్లిలో నూకరాజని చెప్పుకోడానికి సిగ్గెందుకు? వీధికి నలుగురుంటారు."

"అందుకే కదా మేడమ్. ఎవరైనా పిలిస్తే నలుగురం తిరుగుతాం."

ధనశ్రీ డిగ్రీ ఆఖరి సంవత్సరం. పదేళ్ళ వయసులో రేచీకటిగా మొదలైన జబ్బు చూపుని పక్కలనుంచి కొరుక్కుంటూ వచ్చి, ఇప్పుడు సూటిగా ముందున్న వెలుగునీ నీడనీ మాత్రం మిగిల్చింది. పుస్తకం మీద అక్షరాలు కనిపించడం మానేసి రెండేళ్ళయింది. పరీక్షలో తను చెబుతుంటే రాయడానికి ఒక మనిషిని ఇవ్వాలి, ఆ మనిషి తనకంటే కింది క్లాసు వాడై ఉండాలి, మూడు గంటల పరీక్షకి ఇంకో గంట అదనంగా ఇవ్వాలి. ఇవన్నీ రూల్సు. కాగితం మీద బాగానే ఉన్నాయి.

నూకరాజు సెకండియర్. వయసుకి మాత్రం ధనశ్రీ కంటే ఏడాది పెద్ద. ఇంటరయ్యాక చదువు ఆపేసి కాలేజీ ఎదురుగా ఉన్న మేనమామ జిరాక్స్ షాపులో రెండేళ్ళు పనిచేసి, మళ్ళీ వచ్చి డిగ్రీలో చేరాడు. రోజూ సబ్బవరం నుంచి పొద్దున్నే వచ్చి షాపు తీస్తాడు.

ఆ కాలేజీలో దివ్యాంగ విద్యార్థుల సెల్ అంటే ఒక బీరువా, ఒక బోర్డు, హాసిని మేడమ్. ఇంగ్లీషు చెప్పే ఆమెకి ఇది అదనపు పని. అయినా ఆమె పట్టుబట్టి, నూకరాజుని ఏడాదంతా ధనశ్రీకి స్క్రైబ్‌గా ఉంచేలా, అదనపు గంటా ఇచ్చేలా ఉత్తర్వు తెచ్చింది.

"ప్రతి పరీక్షకీ కొత్త మనిషైతే ఆ అమ్మాయి చదివిందంతా వాళ్ళకి అలవాటుపడడంలోనే పోతుంది సార్," అని ఆమె పరీక్షల ఇన్‌చార్జి త్రినాధరావుతో వాదించడం ధనశ్రీ తలుపు బయటినుంచి విన్నది.

"ఒక్క పిల్ల కోసం ఇన్ని కాగితాలేంటి మేడమ్," అని ఆయన విసుక్కోవడం కూడా విన్నది.

*

నూకరాజు ఆమెకి నోట్సు చదివి రికార్డు చేసి ఫోన్‌లో పంపేవాడు. షాపులో బేరాలు లేనప్పుడే చదివేవాడు గానీ, బేరాలు చెప్పి రావు కదా.

"ఏటిది జూనియర్? ఉపాంత ప్రయోజనం క్షీణించే కొద్దీ వినియోగదారుడు... అన్నా, ఆధార్ రెండు కాపీలు, కలర్ వద్దు... అని ఉంది!"

"ఆడు ఆగకుండా తలుపులోంచే అరిచేడు. నన్నేం సెయ్యమంటారు?"

"నాకలాగే నోటికొచ్చేసింది. పరీక్షలో సెప్పేత్తానేమో."

"సెప్పండి. రెండు కాపీలూ రాసేత్తాను."

అలా మొదలైన నవ్వు డిసెంబరు వచ్చేసరికి ఇద్దరికీ రోజువారీ అవసరమైపోయింది. "మేడమ్" పోయి "ధనా" వచ్చింది. అతను జిరాక్స్ తీసే ప్రతి సెట్టూ ముందు తను చదివేవాడు. ఫైనలియర్ ఎకనామిక్స్ సెకండియర్ కుర్రాడికి కంఠతా వచ్చేసింది. హాస్టల్ అమ్మాయిలు ఆటపట్టిస్తే ధనశ్రీ "స్క్రైబే కదే" అనేది. ఆ మాట అంటున్నప్పుడు తన గొంతు తనకే నమ్మబుద్ధేసేది కాదు.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం కాలం కాని కాలంలో వాన పట్టుకుంది. ఇద్దరూ కాలేజీ ముందున్న బస్ షెల్టర్‌లో ఇరుక్కున్నారు. రేకుల మీద వాన చప్పుడుకి పక్కవాళ్ళ మాట పక్కవాళ్ళకి వినపడటం లేదు.

"నీకు నేను ఎలా కనపడతాను?" ఆమె చెవి దగ్గరికి వంగి అడిగాడు నూకరాజు.

"పొడుగ్గా ఓ నీడ. పైన కొంచెం మెరుపు."

"అది మాయమ్మ పొద్దున్న రాసిన కొబ్బరినూనె."

ధనశ్రీ నవ్వలేదు. "ఆ నీడ కూడా ఎన్నాళ్ళో తెలీదు. విశాఖ డాక్టరు గారు ఏడాదన్నారు. అటూ ఇటూ అన్నారు."

అతను ఇంకొంచెం దగ్గరికి జరిగాడు.

"ధనా, నువ్వంటే నాకు..."

"సగంలో ఆపితే నేనెలా రాసుకోవాలి?"

"నువ్వంటే నాకు చాలా ఇష్టం." ఒక్క ఊపిరిలో అనేశాడు. "జాలి కాదు. ముందే సెప్తన్నాను, జాలి కాదు."

ధనశ్రీ చెయ్యి చాపింది. అతని చెయ్యి చల్లగా, తడిగా, ఇంకు మరకల గరుకుతో తగిలింది. "నాక్కూడా," అంది. "పరీక్షలవ్వనీ. మా నాన్నతో మాట్లాడదాం."

*

ఏప్రిల్‌లో ఆఖరి సెమిస్టరు. చివరి పేపరు ఎకనామిక్స్. అంతకుముందు అన్ని పరీక్షలకీ హాసిని మేడమ్ పన్నెండింటికల్లా గది బయట నిలబడి, ధనశ్రీకి ఇంకో గంట ఉందని ఇన్విజిలేటరుకి చెప్పి వెళ్ళేది. ఆ రోజు ఆమెని పేపర్లు దిద్దే డ్యూటీ మీద విశాఖ పంపారు.

పన్నెండు కొట్టగానే ఇన్విజిలేటరు వచ్చి బల్ల మీదున్న ఆన్సరు షీటు లాగేశాడు.

"సార్, నాకింకో గంట ఉంది."

"నాకెవరూ చెప్పలేదమ్మా."

"ఉత్తర్వుంది సార్. హాసిని మేడమ్ దగ్గర..."

"ఏదీ, చూపించండి."

నూకరాజు పరుగెత్తాడు. త్రినాధరావు తన గదిలో బండిళ్ళు కట్టిస్తున్నాడు. కాపీ ఉంటే ఇస్తానన్నాడు, బీరువా తాళం హాసిని మేడమ్ దగ్గరుందన్నాడు, చివరికి ఆమెకి ఫోన్ చేశాడు. ఆన్సరు షీటు తిరిగి ధనశ్రీ బల్ల మీదికి వచ్చేసరికి పన్నెండూ ఇరవై అయిదు.

"ఒంటిగంటకి మాత్రం తీసేసుకుంటాను. నాకూ భోజనం ఉంటుంది," అన్నాడు త్రినాధరావు గుమ్మంలోంచే.

పోయిన ఇరవై అయిదు నిమిషాలు ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ధనశ్రీ మూడు ప్రశ్నలకి ఆదరాబాదరాగా జవాబులు చెప్పింది. చివరి ప్రశ్న మిగిలింది. వ్యవసాయ ఉత్పత్తుల అమ్మకంలో రైతులు ఎదుర్కొనే సమస్యలు.

ఆమె నాలుగు వాక్యాలు చెప్పి ఆగింది. ఆ ప్రశ్న పుస్తకంలోది కాదు ఆమెకి. బెల్లం దిమ్మలు వ్యానుకెత్తి తండ్రి అనకాపల్లి మార్కెట్టుకి తెచ్చి, బెల్లం రంగు చూసి ధర కట్టేవాడి కోసం ఎండలో నిలబడటం చిన్నప్పుడు కళ్ళారా చూసింది. అక్కడినుంచి మొదలుపెట్టాలా, పుస్తకం వరసలోనే వెళ్ళాలా అని ఆలోచిస్తోంది.

తను మాట్లాడటం లేదు. పెన్ను కదులుతూనే ఉంది.

మొదట, రాయకుండా వెనకబడ్డ మాటలు రాసుకుంటున్నాడేమో అనుకుంది. కానీ చప్పుడు ఆగలేదు. ఒక లైను చివరికి వెళ్ళి, మళ్ళీ మొదటికి వచ్చి, మళ్ళీ వెళ్ళింది.

"ఏటి రాత్తన్నావు?"

"నువ్వు సెప్పిందే."

"చదువు."

అతను చదివాడు. ఆమె చెప్పిన నాలుగు వాక్యాలే చదివాడు. తడబడకుండా చదివాడు.

ధనశ్రీ చెయ్యి చాపి షీటు అందుకుంది. తిరగేసింది. బాల్‌పెన్ను నొక్కి రాస్తాడు నూకరాజు. కాగితం వెనకవైపు లైన్లు వేలికి తగులుతాయి. ఒక్కొక్కటే తడిమింది. ఆమె చెప్పింది ఆరేడు లైన్లకి మించదు. అక్కడ పధ్నాలుగున్నాయి.

"నూకరాజూ."

అతను పెన్ను బల్ల మీద పెట్టిన చప్పుడయింది.

"అబద్ధం చదివేవు నాకు."

"టైమ్ తినేసేరు కదా ధనా," గుసగుసగా అన్నాడు. "నువ్వు ఆగిపోయేవు. నాకు ఆన్సరొచ్చు. ఆళ్ళు తినేసిందే నేను తిరిగిచ్చేను. తప్పేటి?"

"నేను ఆగిపోలేదు. ఆలోచిత్తన్నాను."

గంట కొట్టారు. ఇన్విజిలేటరు అడుగులు దగ్గరికొచ్చాయి.

"వద్దు ధనా. ఎవరికీ తెలీదు."

"నాకు తెలుసు," అంది ధనశ్రీ. లేచి నిలబడింది. "సార్. ఒక సంగతి రాసుకోవాలి."

*

త్రినాధరావు ముందు మందలించాడు. తర్వాత బతిమాలాడు. స్క్వాడ్‌కి తెలిస్తే కాలేజీ పేరు పోతుందన్నాడు. ధనశ్రీ వినలేదు.

"రెండూ రాయండి సార్. నాకు ఇరవై అయిదు నిమిషాలు పోయిన సంగతి రాయండి. చివరి ప్రశ్నలో నేను చెప్పనివి స్క్రైబ్ రాసిన సంగతి రాయండి. ఆ లైన్లు కొట్టేసి, మిగతాది దిద్దమనండి."

ఆయన చాలాసేపు రాశాడు. పైకి చదివి వినిపించాడు. అందులో రెండూ ఉన్నాయి.

"సంతకం పెట్టమ్మా."

"పెట్టకు ధనా," అన్నాడు నూకరాజు వెనకనుంచి. "నాకు కనపడతంది. టైమ్ సంగతి అందులో లేదు. ఆయన రాయకుండా చదివేడు."

"చేసిన వెధవపని చాలదట్రా? నోర్ముయ్!"

గదిలో రెండు గొంతులున్నాయి. ఒకటి ముప్పై ఏళ్ళ సర్వీసున్న మాస్టారిది. ఇంకొకటి ఆ పూట వరకూ ఆమె లోకంలో అన్నిటికంటే ఎక్కువ నమ్మిన గొంతు. ఇందాకే, మొదటిసారి, తడబడకుండా అబద్ధం చదివిన గొంతు.

ధనశ్రీ సంతకం పెట్టింది.

మూడో రోజు హాసిని మేడమ్ ఆ కాగితం కాపీ తెప్పించి చదివింది. ఒకసారి చదివి, మళ్ళీ చదివింది.

"టైమ్ గురించి ఒక్క ముక్క లేదు ధనశ్రీ. స్క్రైబ్‌తో కలిసి మాల్‌ప్రాక్టీసు చేసినట్టు ఒప్పుకున్నావని ఉంది."

నూకరాజు నిజం చెప్పాడు. నిజం చెప్పినప్పుడు తను నమ్మలేదు. నమ్మకుండా చేసింది అతనే.

"ఆ రోజు నేను ఇక్కడుండాల్సింది," అంది హాసిని మేడమ్. "పోనీ, ఉత్తర్వు కాపీ హాల్లో గోడకి అంటించాల్సింది. అంత చిన్నపని, తట్టలేదు నాకు."

రిజల్టు ఆపేశారు. పీజీ కౌన్సెలింగ్ వచ్చింది, వెళ్ళిపోయింది. ధనశ్రీ హాస్టల్ ఖాళీ చేసి ఊరికెళ్ళిపోయింది. ఫోన్‌లో నూకరాజు వాయిస్ మెసేజీలు పోగుపడ్డాయి. ఒక్కటీ తెరవలేదు.

తల్లి అప్పలకొండమ్మ రెండు రోజులు ఓపికపట్టింది. మూడో రోజు పట్టలేకపోయింది.

"సదువు సదువని పంపేం. ఊరంతా ఏటంటన్నారో తెలుసా? కాపీ కొట్టి దొరికిపోయిందంటన్నారు. నువ్వే సెప్పుకున్నావంటే ఎవరు నమ్ముతారే? నోరు మూసుకుని వచ్చేత్తే ఏటిపోయేది?"

"నాది కానిది నాకెందుకమ్మా?"

"కళ్ళే నీయి కాకుండా పోతన్నాయి," అంది తల్లి. అనేసి, అలా అన్నందుకు తనే ఏడ్చింది.

తండ్రి బంగారయ్య లేచి చెరుకుతోటలోకి వెళ్ళిపోయాడు. అలా వెళ్ళిపోవడం ధనశ్రీకి తల్లి మాటకంటే బరువనిపించింది.

*

జూలైలో యూనివర్సిటీ కమిటీ ఇద్దర్నీ విచారణకి పిలిచింది. హాసిని మేడమ్ ధనశ్రీని వెంటబెట్టుకు తీసుకెళ్ళింది. వరండాలో బెంచీ మీద కూర్చోగానే నాలుగడుగుల దూరంలో ఎవరో ఊపిరి బిగబట్టారు. ఎవరో ఆమెకి తెలుసు. పలకరించలేదు.

లోపల ముగ్గురు సభ్యులు, ఒక పక్కగా త్రినాధరావు ఉన్నారు. ముందు నూకరాజుని అడిగారు.

"ఆ లైన్లు ఎవరు చెప్పారు?"

"ఎవరూ సెప్పలేదండి. నేనే రాసేను."

"అమ్మాయి అడిగిందా?"

"లేదండి. అడిగి ఉంటే బాగుండేది, నాకు సెప్పుకోడానికి ఓ సాకుండేది. ఆమె చదవమంటే నేను రాసింది దాచి చదివేను. చూపు లేని మనిషికి అబద్ధం చదివేను." ఒకడుగు ముందుకేశాడు. "ఇంకో సంగతండి. త్రినాధరావు సారు నిన్న ఫోన్ చేసేరు. ఆమె చెప్పిందే రాసేనని, ఆమె మర్చిపోయిందని అనమన్నారు. అలాగంటే నా ఏడాది పోకుండా చూత్తానన్నారు. నేను ఒప్పుకోలేదండి. ఆమె మర్చిపోలేదు. ఇరవై అయిదు నిమిషాలు పేపరు లాక్కున్న సంగతీ నిజమే."

త్రినాధరావు కుర్చీలోంచి లేచి అంతా కట్టుకథన్నాడు. పేపరు ఎవరూ లాక్కోలేదన్నాడు. హాసిని మేడమ్ తన ఫోన్ సభ్యుల ముందు పెట్టింది. పరీక్ష రోజు పన్నెండూ ఇరవై రెండుకి ఆయన నంబరు నుంచి వచ్చిన కాల్ అందులో ఉంది.

"అదనపు టైమ్ ఉందా లేదా అని ఈయన నన్నడిగిన కాల్ ఇది. పన్నెండింటికే పేపరు లాక్కోకపోతే ఈ ప్రశ్న ఎందుకు అడుగుతారు?"

తీర్పు సాయంత్రానికి వచ్చింది. ధనశ్రీ ఆ పేపరు రద్దు. సప్లిమెంటరీలో మళ్ళీ రాసుకోవచ్చు. నూకరాజు రెండు సెమిస్టర్లు పరీక్షలు రాయకూడదు. త్రినాధరావుకి ఒక మెమో. అంతే. ధనశ్రీ పోగొట్టుకున్న ఏడాది ఎవరి ఖాతాలోనూ పడలేదు.

గేటు దగ్గర నూకరాజు ఎదురొచ్చాడు.

"ధనా. ఒక్క మాట."

"జాలి కాదన్నావు," అంది ధనశ్రీ. "వానలో నిలబడి, అడక్కుండానే అన్నావు. మరి నాకు ఆన్సరు రాదని ఎలా అనుకున్నావు? బెల్లం వండుకుని అమ్ముకునే ఇంటి పిల్లకి రైతు కష్టం నువ్వు నోట్సులోంచి రాసిపెట్టేవు."



"నిజమే," అన్నాడు నూకరాజు. "రాదనే అనుకున్నాను. ఆ నిమిషం అలాగే అనుకున్నాను."

ఇంకేదో సాకు చెబుతాడనుకుంది. చెప్పలేదు. ఆమె హాసిని మేడమ్ చెయ్యి పట్టుకుని బస్సెక్కింది. దారిలో సగం దూరం వచ్చాక ఏడుపొచ్చింది. కోపం వల్ల మాత్రం కాదు.

*

ఆ వానాకాలంలో మిగిలిన చూపు కూడా పోయింది. ఒక్కసారిగా పోలేదు. ముందు నీడల అంచులు కరిగాయి. తర్వాత వాకిలి ఎక్కడో, గోడ ఎక్కడో తేడా చెరిగిపోయింది. ఒక సాయంత్రం వంటింటి గుమ్మంలో నిలబడి ధనశ్రీ అడిగింది.

"కరెంటు పోయిందా అమ్మా?"

తల్లి గిన్నె కింద పెట్టిన చప్పుడయింది.

"లేదే," అంది అప్పలకొండమ్మ.

ఆ వారమంతా ధనశ్రీ మంచం దిగలేదు. ఒక మధ్యాహ్నం, ఎందుకో తెలియకుండానే, ఫోన్ తీసి ఏప్రిల్ నుంచి పోగుపడ్డ మెసేజీలు తెరిచింది. మొదటివి అన్నీ క్షమాపణలు. తర్వాత అవి ఆగిపోయాయి. వాటి స్థానంలో ఎకనామిక్స్ పాఠాలున్నాయి. మొదటి యూనిట్‌నుంచి ఆఖరిదాకా, కొత్త సిలబస్ మార్పులతో సహా, ఒక్కొక్కటీ నిదానంగా చదివి పంపాడు. వెనక మిషను చప్పుడు లేదు. షాపు మూసేశాక చదివినట్టున్నాడు. ఎక్కడా తన మాట ఒక్కటి కలపలేదు. పుస్తకంలో అచ్చుతప్పు ఉన్నచోట "ఇక్కడ ఇలా పడింది, సరైనది ఇది అనుకుంటన్నాను, మేడమ్‌ని అడుగు" అని మాత్రం ఉంది.

ధనశ్రీ లేచి కూర్చుంది. వినడం మొదలుపెట్టింది.

నవంబరులో సప్లిమెంటరీ. కొత్త స్క్రైబ్ ఇంటర్ చదివే అమ్మాయి, పేరు ఈశ్వరి. మెల్లగా, ఒత్తులు పలుకుతూ చదివింది. త్రినాధరావు ఈసారి పరీక్షల డ్యూటీలో లేడు. అదనపు గంట ఉత్తర్వు హాలు గోడకి అంటించి ఉందని హాసిని మేడమ్ చెప్పింది. నాలుగు గంటలూ పూర్తిగా ఇచ్చారు. ధనశ్రీ ఎక్కడ ఆగాలనుకుంటే అక్కడ ఆగింది. ఆమె ఆగితే పెన్ను కూడా ఆగింది.

బయటికొచ్చేసరికి కాలేజీ మెట్ల దగ్గర ఒక గొంతు, దూరంగానే నిలబడి, పలికింది.

"నేను. నూకరాజుని."

ధనశ్రీ అటు తిరిగింది. అక్కడ నీడ కూడా లేదు.

"పాఠాలు విన్నాను," అంది.

"ఊ."

"సంచిలో ఒక కవరుంది. తీసి చదివి పెట్టు."

అతను దగ్గరికొచ్చాడు. కవరు చించిన చప్పుడు. కాగితం మడత విప్పిన చప్పుడు. అది మెడికల్ బోర్డు ఇచ్చిన కొత్త సర్టిఫికెట్. అందులో ఏముందో ధనశ్రీకి తెలుసు. హాసిని మేడమ్ ముందు రోజే చదివి వినిపించింది. నూకరాజుకి ఆ సంగతి తెలియదు.

"చదువు."

"రెండు కళ్ళూ... పూర్తి అంధత్వం," అన్నాడు. "వంద శాతం. శాశ్వతం." గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. "ఇంకో లైనుంది ధనా."

"దాన్నీ చదువు."

"మెరుగయ్యే అవకాశం లేదు."

అంతా చదివాడు. కింద తేదీ, ముద్ర, డాక్టరు పేరు దాకా. ఒక్క మాట మింగలేదు, ఒక్క మాట మెత్తబరచలేదు. చివర్లో అతను ఏడుస్తున్నాడని కాగితం రెపరెపలు చెప్పాయి.

ధనశ్రీ చెయ్యి చాపింది. ముందు కాగితం తగిలింది, తర్వాత వేళ్ళు.

"మా ఊరి బస్సు ఎక్కించి వెళ్ళిపోతావా, కూడా వత్తావా?"

"మీ నాన్నగారికి ఏటని సెప్పాలి?"

"జరిగింది జరిగినట్టు."

*

ఊరి బయట బంగారయ్య బెల్లం వండుతున్నాడు. ఉడుకుతున్న చెరుకురసం తీపి వాసన దారిలోనే ముక్కుకి తగిలింది. నూకరాజు ఆయన ముందు నిలబడి, ఫిబ్రవరి వాన దగ్గర మొదలుపెట్టి విచారణ దాకా అంతా చెప్పాడు. అబద్ధం చదివిన చోట గొంతు తగ్గించలేదు. ధనశ్రీ పక్కనే నిలబడి విన్నది. కలిపింది ఏమీ లేదు, తీసేసింది ఏమీ లేదు.

"నా కూతురి ఏడాది తినేసింది నువ్వేనేటి?" అన్నాడు బంగారయ్య.

"నేనేనండి. సగం నేను, సగం ఆళ్ళు. నా సగం నాదే."

"నీదీ పోయింది కదా ఏడాది."

"పోయిందండి."

పెనంలో తెడ్డు తిరుగుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

"నాన్నా," అంది ధనశ్రీ. "నాకు ఇతనంటే ఇష్టం. కోపం ఇంకా కొంత ఉంది. అదీ ఉంది, ఇదీ ఉంది."

"ఈడికి మనమ్మాయిని ఎలా ఇత్తామయ్యా?" అంది పొయ్యి పక్కన కూర్చున్న అప్పలకొండమ్మ. "రేపు ఇంట్లో ఏం దాచినా దానికెలా తెలుత్తాది?"

"అప్పుడు మాత్తరం ఎవరు కనిపెట్టేరు?" అన్నాడు బంగారయ్య. "మనమ్మాయే కదా, సేత్తో తడిమి." తెడ్డు ఆగింది. "పీజీ ఎప్పుడమ్మా?"

"వచ్చే ఏడాది నాన్నా."

"సదువయ్యాకే మిగతా మాటలు. అందాకా ఈ కుర్రాడు వచ్చి పాఠాలు సదివిపెడితే సదివిపెట్టుకోనీ." తర్వాత నూకరాజు వైపు తిరిగినట్టున్నాడు. "అలా పొగలో నిలబడతావేటి? ఇలా వచ్చి కూకో."

అప్పలకొండమ్మ ముక్కు చీదుకుంటూ లేచింది. గోనెసంచి ఒకటి దులిపి నేలమీద పరిచిన చప్పుడు ధనశ్రీకి వినిపించింది. ఆ పక్కనే, దాన్ని ఆనుకుని, ఇంకొకటి పరిచిన చప్పుడు కూడా.